ముందు జీతాల సొమ్ము, తర్వాతే జెర్సీ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు
శ్రీ కల్యాణ్ చౌబే గారికి,



మాది నెల్లూరు జిల్లా కలిగిరి. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతం, పొగాకు పండించే ఊరు. మా ఊళ్ళో ఫుట్‌బాల్ క్లబ్బు లేదు. అయినా మీకు ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తెలుగువాళ్ళం ‘మనది’ అని చెప్పుకొన్న హైదరాబాద్ ఎఫ్‌సీ దేశానికి చాంపియన్ అయిన మూడున్నరేళ్ళకే ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. ఆ క్లబ్బు కుప్పకూలింది డబ్బు లెక్కల దగ్గర. ఆ లెక్కలు సరిచూసే నియమాలు సమాఖ్య చేతిలో ఉన్నాయి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను.

మీరు స్వయంగా గోల్‌కీపర్. ఆటగాడిగా ఉన్నవారు సమాఖ్య అధ్యక్షులు కావడం 2022లో మీతోనే మొదలు. కాబట్టి ఒక గోల్‌కీపర్ సంగతి మీకు గుర్తు చేస్తాను. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం, ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. గ్యాలరీల నిండా కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు చొక్కాలే. మైదానంలో మాత్రం ఆ రోజు పసుపు జెర్సీ హైదరాబాద్‌ది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నేరుగా వలలో పడింది. స్కోరు 1-1. అదనపు సమయంలోనూ తేలక పెనాల్టీల దాకా వెళ్ళింది. లక్ష్మీకాంత్ కట్టిమణి అక్కడ నిలబడ్డాడు. లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. నిశు కుమార్ కొట్టింది ఆపితే, రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు, రెండోసారీ ఆపాడు. జీక్సన్ సింగ్ కొట్టింది కూడా ఆపాడు. చివర్లో హాలీచరణ్ నర్జారీ కొట్టిన బంతితో 3-1. క్లబ్బు పుట్టి అప్పటికి మూడేళ్ళయినా నిండలేదు.

ఆ గెలుపుకు దక్కిన బహుమతి 6 కోట్ల రూపాయలు. ఆ రోజుల్లో ఒక్కో క్లబ్బు ఆటగాళ్ళ జీతాల మీద లీగ్ విధించిన పరిమితి 16.5 కోట్లు. అంటే పరిమితి మేరకు ఖర్చు పెట్టిన క్లబ్బు కప్పు గెలిచినా, ఆ సొమ్ము జీతాల్లో మూడో వంతును కాస్త దాటుతుంది, అంతే. కోచ్‌లు, విమానాలు, హోటళ్ళు, మైదానం అద్దె, ఫ్రాంచైజీ ఫీజు అన్నీ దీనికి పైన. పైగా 2020-21, 2021-22 సీజన్లు రెండూ కోవిడ్ మూలంగా గోవాలోనే, ఆ ఫైనల్ తప్ప అన్నీ ఖాళీ స్టేడియాల్లో జరిగాయి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒక్క టికెట్టూ తెగలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఎదిగిన రెండేళ్ళూ గేటు దగ్గర పైసా రాని రెండేళ్ళే. మనోలో మార్కెజ్ అనే మంచి కోచ్, 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్ళు ఆ జట్టును నిలబెట్టారు. కాని ఆ ఎదుగుదల కింద ఆదాయమనే పునాది లేదు. కాస్తో కూస్తో సొంతంగా సంపాదించిందంటే ఆటగాళ్ళను అమ్ముకునే. 2021లో లిస్టన్ కొలాసోను ఏటీకే మోహన్ బగాన్‌కు ఇచ్చినప్పుడు, మన దేశపు ఆటగాడికి అది రికార్డు ధర అని అంతా చెప్పుకొన్నారు. అయితే ఉన్న మంచివాణ్ణి అమ్మితేగాని పూట గడవని క్లబ్బు మరుసటి ఏడు కప్పు ఆశలు పెట్టుకోవడం కష్టం.

2022-23లో లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత జీతాలు ఆగాయి. బకాయిల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళాయి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. 2024 జనవరి వచ్చేసరికి జట్టులో పేరున్నవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మిగిలిన పిల్లలను కూడగట్టుకుని తాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ ముగించారు. 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు, పన్నెండు జట్లలో అట్టడుగు స్థానం. ఆ కుర్రాళ్ళు ప్రతి వారం ఓడుతూ కూడా పరిగెత్తడం మానలేదు. వాళ్ళను చూసి నాకు గర్వంగానే ఉండేది. కోపం వచ్చిందల్లా ఆ నిషేధం తీరు మీద. బకాయి పెట్టినవారు ఒకరైతే, దాని బరువు మోసింది మైదానంలో దిగిన పిల్లలు. 2024లో యాజమాన్యం బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్ళింది. 2025 అక్టోబరులో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇది మాకు కొత్త కావచ్చు, మీ లీగ్‌కు కొత్త కాదు. హైదరాబాద్‌కు 2019లో చోటు దొరికిందే పుణె సిటీ డబ్బుల ఇబ్బందులతో మూతపడ్డందుకు. ఆ ఏడాదే ఆగస్టు ఆఖరి రోజుల్లో ఢిల్లీ డైనమోస్ మూటాముల్లె సర్దుకుని భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె పోయి హైదరాబాద్, ఢిల్లీ పోయి ఒడిశా, మళ్ళీ హైదరాబాద్ పోయి ఢిల్లీ. ఇన్నిసార్లు ఇదే జరిగితే తప్పును ఒక్కొక్క యజమాని మీద తోసి ఊరుకోగలమా? నియమాల్లోనే లోటు ఉంది.

ఆ లోటు ఏమిటో మా పొగాకు పంట దగ్గర నుంచి చూస్తే నాకు తేటగా కనబడుతుంది. పొగాకు బోర్డు ప్రతి ఏడూ పంట ఎంత వేయాలో ముందుగా నిర్ణయిస్తుంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ రిజిస్టరు అయి ఉండాలి, లైసెన్సు ఉండాలి, ఒక్కో బ్యారన్‌కు ఇంత అని కోటా ఉంటుంది. నారు నాటే ముందే ఈ లెక్కంతా. మీ జీతాల పరిమితిని కూడా చూడ్డానికి కోటా లాంటిదనే అనుకుంటారు. కాని రెంటికీ పెద్ద తేడా ఉంది. మా కోటా బ్యారన్ ఉన్నవాడికే ఇస్తారు. మీ పరిమితి మాత్రం ఒక క్లబ్బు ఎంత వరకు మాట ఇవ్వవచ్చో చెబుతుంది. ఆ మాట నిలబెట్టుకునే సొమ్ము పెట్టెలో ఉందో లేదో అడగదు. 16.5 కోట్లకు ఒప్పందాలు రాసి పైసా చేతిలో లేకపోయినా ఆ క్లబ్బు పరిమితిని పాటించినట్టే లెక్క. హైదరాబాద్ విషయంలో జరిగింది అదే.

క్లబ్ లైసెన్సింగ్ ఉంది కదా అంటారు. ఉంది. ఆటగాళ్ళకు, సిబ్బందికి, ఇతర క్లబ్బులకు బకాయిలు ఉండకూడదని ఆసియా సమాఖ్య నిబంధన ఉంది. హైదరాబాద్‌కు ఆ లైసెన్సు నిరాకరించారు కూడా. అయినా క్లబ్బు ఆడుతూనే ఉంది. నిరాకరించినా ఏమీ ఆగనప్పుడు ఆ కాగితానికి విలువేమిటి? అదీ కాక, లైసెన్సు నిన్నటి బకాయిలను చూస్తుంది. రేపటి జీతం తప్పక వస్తుందన్న భరోసా అది ఇవ్వదు.

బయట దేశాల్లో దీన్ని రెండు రకాలుగా చేస్తున్నారు. ఇంగ్లండ్ పద్ధతిలో శిక్ష తర్వాత. ప్రీమియర్ లీగ్ క్లబ్బు మూడేళ్ళలో 105 మిలియన్ పౌండ్లకు మించి నష్టపోకూడదన్నది 2025-26 సీజన్ దాకా అక్కడి నియమం. దాటినందుకు 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోశారు, అప్పీలులో అది 6 అయింది. సౌదీ ప్రభుత్వ నిధి చేతిలో ఉన్న న్యూకాసిల్ కూడా ఈ లెక్క సరిపెట్టుకోవడానికి 2024 జూన్ ఆఖరులో తన ఊరి కుర్రాడు ఎలియట్ ఆండర్సన్‌ను అమ్ముకోవలసి వచ్చింది. ఇల్లంతా డబ్బున్నా నియమం అడ్డుపడింది. స్పెయిన్ పద్ధతి వేరు. అక్కడ లా లీగా సీజన్ మొదలుకాకముందే ఒక్కో క్లబ్బు జట్టు మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో చెబుతుంది. అందులో ఇమడకపోతే ఆటగాణ్ణి నమోదే చేయరు. 2021 ఆగస్టులో బార్సిలోనా మెస్సీ అంతటివాణ్ణి నిలుపుకోలేక కన్నీళ్ళతో పంపింది అందుకే. ఐరోపా సమాఖ్య ఇంకో మెట్టు ఎక్కి, జీతాలు, బదిలీలు, ఏజెంట్ల ఖర్చు కలిపి క్లబ్బు ఆదాయంలో 70 శాతం దాటకూడదన్న నియమాన్ని అంచెలంచెలుగా తెచ్చి 2025-26 నుంచి పూర్తిగా అమలు చేస్తోంది.

వీటిలో ఏదో ఒకటి తెచ్చి ఇక్కడ అతికించమని నేను అడగడం లేదు. 70 శాతం నియమం మన దగ్గర పెడితే చాలా క్లబ్బులు జట్టునే కట్టలేవు. మన క్లబ్బులకు ఆదాయం ఉంటే కదా అందులో శాతం లెక్కగట్టడానికి! ఏటా పాతిక ముప్పై కోట్లు పోగొట్టుకుంటున్నామని యజమానులే బాహాటంగా చెబుతూ వచ్చారు. ఆదాయానికి ఖర్చును కట్టేసే నియమానికి ఇంకో దోషమూ ఉంది. నిన్న పెద్దగా ఉన్నవాళ్ళు రేపూ పెద్దగానే ఉంటారు. కొత్త ఊరి క్లబ్బు పైకి రావాలంటే ముందు కొన్నేళ్ళు ఎవరో ఒకరు చేతి సొమ్ము పెట్టాలి. పెట్టనివ్వండి. హైదరాబాద్ అలా పెట్టబట్టే కట్టిమణి ఆ రాత్రి అక్కడ నిలబడ్డాడు. కాని ఆ చేతి సొమ్ము ముందుగా కనబడాలి. సీజన్ మొత్తం జీతాలకు సరిపడే బ్యాంకు గ్యారంటీ సమాఖ్య దగ్గర పెట్టిన క్లబ్బే ఆటగాళ్ళను నమోదు చేసుకోవాలి. జీతం ఒక నెల దాటితే సమాఖ్యే ఆ గ్యారంటీలోంచి నేరుగా ఆటగాడి ఖాతాలో వేయాలి. ఫిఫాకు ఉత్తరాలు రాస్తూ ఏడాది తిరిగే పని లేకుండా పోతుంది. స్పెయిన్ పద్ధతిలోని ‘ముందు’ అన్న మాటను మన దేశపు పరిస్థితికి సరిపోయేలా తీసుకోవడమంటే ఇదే.

ఇది ఖర్చు వైపు సంగతి. ఆదాయం వైపు సంగతి ఇంకా గట్టిది. 2010లో సమాఖ్య చేసుకున్న పదిహేనేళ్ళ వాణిజ్య హక్కుల ఒప్పందం మీకు తెలుసు. హక్కులు తీసుకున్న సంస్థ చివరి ఏళ్ళలో ఏటా 50 కోట్లు సమాఖ్యకు కట్టింది. 2025 డిసెంబరుతో ఆ గడువు తీరింది. అది తీరకముందే, జులైలో, లీగ్ నిలిచిపోతున్నట్టు క్లబ్బులకు కబురు వెళ్ళింది. ఆగస్టులో బెంగళూరు, చెన్నై క్లబ్బులు జీతాలు ఆపేశాయి. కొత్త హక్కులకు టెండరు పిలిచారు. జస్టిస్ లావు నాగేశ్వరరావు గారి పర్యవేక్షణ, ఏటా కనీసం 37.5 కోట్లు లేదా ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. నవంబరు 7 వరకు గడువిచ్చారు. ఒక్కరూ బిడ్ వేయలేదు.

ఆ వార్త చదివినప్పుడు మా వేలం కేంద్రమే కళ్ళ ముందు మెదిలింది. బేళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. కొనుగోలుదారులు వస్తారు, బేలు మధ్యలోంచి ఆకు లాగి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి ముందుకు కదులుతారు. కొన్ని బేళ్ళ దగ్గర ఎవరూ ధర పలకరు. ‘నోబిడ్’ అని రాస్తారు. రైతు ఆ బేలును మళ్ళీ బండికెక్కించుకుని ఇంటికి తీసుకుపోతాడు. రెండోసారి తెచ్చినప్పుడు ధర తగ్గించి అడిగితే చాలదు, ఎందుకు కొనలేదో కనుక్కోవాలి. ఆకులో తడి ఉందా, గ్రేడు తప్పు కట్టామా అని చూడాలి. మీ టెండరు విషయంలో ధర 50 నుంచి 37.5కు దిగినా ఎవరూ రాలేదు. అంటే తప్పు ధరలో లేదు, సరుకు కట్టిన తీరులో ఉంది. ఏ నగరంలో క్లబ్బు ఎన్నాళ్ళుంటుందో తెలియని లీగ్‌ను, జీతాలు అందుతాయో లేదో తెలియని ఆటగాళ్ళ ఆటను, పెట్టుబడిదారు ఏ నమ్మకంతో కొంటాడు? పాతికేళ్ళు ఒకే ఊళ్ళో ఉంటుందన్న నమ్మకమే క్లబ్బు అమ్మగల అసలు ఆస్తి. చొక్కా మీద ప్రకటనైనా, సీజన్ టికెట్టయినా ఆ నమ్మకం మీదే అమ్ముడుపోతుంది. డెక్కన్ లీజియన్ అనే అభిమాన సంఘం పేరుతో గచ్చిబౌలిలో డప్పులు కొట్టిన కుర్రాళ్ళు ఆ ఆస్తిని పోగుచేశారు. క్లబ్బు తరలించినప్పుడు వాళ్ళనెవరైనా ఒక్క మాట అడిగారా?

చివరకు కేంద్ర క్రీడా మంత్రి ప్రకటనతో 2026 ఫిబ్రవరి 14న పద్నాలుగు జట్లతో, ఒక్కొక్కరు ఒక్కొక్కరితో ఒక్కసారే ఆడే కురచ సీజన్ మొదలైంది. ఆట నిలవలేదు, అది సంతోషమే. కాని ఏ ఏటికి ఆ ఏడు నెట్టుకొచ్చే ఏర్పాటు ఇది.

అయ్యా, హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదని మీకు వేరే చెప్పాలా? సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణానికి చేరింది. ఆ వైభవం వెనక ఉన్న డబ్బు లెక్కను మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. పోలీసు జట్టులో ఆడేవాడికి సర్కారు జీతం నెలనెలా వచ్చేది. ఆట అయిపోయినా ఉద్యోగం ఉండేది. బహుమతులు తక్కువే, కాని రేపటి అన్నం గురించి భయం లేదు. ఆ భరోసా మీదనే అంతటి జట్టు నిలిచింది. ఆ తర్వాత కోల్‌కతా క్లబ్బుల పిలుపు, అక్కడి జనం, అక్కడి డబ్బు గెలిచాయి. 1957లో తులసీదాస్ బలరామ్, 1966లో నయీముద్దీన్, హబీబ్ ఈస్ట్ బెంగాల్ బాట పట్టారు. ఆదాయం ఎక్కడుంటే ప్రతిభ అక్కడికి పోవడం ఆనాడూ ఉంది. తప్పు పట్టలేం. కాని ఆ ఊరికి మళ్ళీ అంతటి జట్టు రావడానికి అరవై ఏళ్ళు పట్టింది, వచ్చింది నాలుగేళ్ళు కూడా సరిగ్గా బతకలేదు.

ఆంధ్ర వైపు సంగతి చెబితే ఇంకా చిన్నది. 2020లో శ్రీనిధి క్లబ్బుకు కింది లీగ్ అయిన ఐ-లీగ్‌లో నేరుగా చోటిచ్చినప్పుడు విశాఖపట్నం పేరు చెప్పారు. తర్వాత అది హైదరాబాద్ చేరింది. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం కట్టుకుని, శ్రీనిధి డెక్కన్ పేరుతో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానానికి మాత్రమే పైలీగ్ తలుపు తెరుస్తారు కాబట్టి ఆ రెండేళ్ళ కష్టం అక్కడే ఆగింది. నియమం నియమమే, అది నేను కాదనను. అయితే డబ్బు చెల్లించలేని క్లబ్బు పైలీగ్‌లో కూర్చుని ఉండగా, సొంత మైదానం కట్టుకున్న క్లబ్బు కింద ఎదురుచూడాలా? జీతాల గ్యారంటీ పెట్టలేకపోయిన క్లబ్బు స్థానం కింది లీగ్‌లో తర్వాతి వరసలో ఉన్నవారికి దక్కాలని మీ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చండి. అప్పుడు గ్యారంటీ అంటే అందరికీ భయమూ ఉంటుంది, ఆశా ఉంటుంది.

ఇక పల్లె పిల్లల ఆట సంగతి. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు స్పోర్ట్స్ విలేజ్ ఉంది. లా లీగా ఫౌండేషన్ సాయంతో ఆ జిల్లా పల్లె పిల్లలకు అక్కడ ఫుట్‌బాల్ నేర్పారు. 2025లో ఆ ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ నిలిచినప్పుడు ఆ జిల్లా అంతా వీధుల్లోకి వచ్చింది. ఢిల్లీలో ఒక ఫైలు కదలకపోతే అనంతపురంలో గ్రౌండు నడవదు. మా మెట్ట ప్రాంతంలో అసలు అలాంటి గ్రౌండే లేదు. మా పిల్లలు హైస్కూలు మైదానంలో రెండు ఇటుకలు పెట్టి గోల్ అనుకుంటారు. ఉత్తర తెలంగాణ పల్లె నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్‌ను 2025లో మీ సమాఖ్యే దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా గౌరవించింది. ఆమె ఆడే క్లబ్బు ఎక్కడుంది? కోల్‌కతాలో. తెలుగు పిల్ల ఆట తెలుగు ఊళ్ళో చూసే వీలు లేదు.

సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఆమోదించిన కొత్త నియమావళి లీగ్ నిర్వహణ బాధ్యత సమాఖ్యదే అంటోంది. పైలీగ్, కింది లీగ్‌ల మధ్య రాకపోకలు ఉండాలంటోంది. ఇన్నాళ్ళూ ‘లీగ్ మా చేతిలో లేదు’ అని చెప్పే వీలుండేది. ఇక లేదు. కొత్త వాణిజ్య ఒప్పందం కుదిరేటప్పుడు ఎవరు ఎన్ని కోట్లిస్తారన్నది ఒక్కటే చూడకండి. ఆ కోట్లలోంచి క్లబ్బులకు ఎంత వాటా, ఎప్పుడు చేరుతుందో ఒప్పందంలోనే రాయించండి. నెల ముందుగా తెలిస్తే ఏ క్లబ్బైనా తన శక్తిని బట్టి జట్టు కట్టుకుంటుంది. ప్రతి క్లబ్బు ఆదాయ వ్యయాలు ఏటా బయట పెట్టించండి. ఎంత నష్టంలో ఉందో అభిమానికి కూడా తెలియాలి. ఊరు మార్చాలంటే రెండు సీజన్ల ముందు నోటీసు ఉండాలి. ఆ నగరంలో మరొకరు కొనడానికి ముందుకొస్తారేమో చూడాలి. ఆ తర్వాతే అనుమతి.

రాబోయే సీజన్‌కు ఆటగాళ్ళ నమోదు మొదలుకాకముందే ఈ జీతాల గ్యారంటీ నిబంధన మీ కార్యనిర్వాహక సంఘం ముందు పెడతారా, పెట్టరా? పెడతామంటే ఏ సమావేశంలోనో తేదీ చెప్పండి. పెట్టమంటే కారణం చెప్పండి. రెంటికీ జవాబు బహిరంగంగానే ఇవ్వమని కోరుతున్నాను. మీ సమాధానం తెలుగు పత్రికల్లో వస్తే కలిగిరిలోనూ చదువుతారు.

ఇట్లు,
తెలుగు ఫుట్‌బాల్ అభిమాని, పొగాకు రైతు
కలిగిరి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా